నీలం ఎందుకు?

ఫైలు మీద ఆ ప్రశ్న రాసింది నేనే.
పచ్చ సిరాతో కాదు, అది పెద్దవాళ్ళది.
మామూలు బాల్‌పెన్నుతో:
"జిగురు అట్టలు నీలం ఎందుకు?
పసుపువి అట్టకి నాలుగు రూపాయలు తక్కువ కదా.
వివరణ కోరడమైనది."

గుంటూరు దాటి లాం దారిలో మా పరిశోధనా క్షేత్రం,
అందులో మూడో గది నాది.
ఇరవై రెండేళ్ళుగా మిరప మధ్యే ఉన్నాను గానీ
చేలో కాలు పెట్టింది లేదు.
నాకు తెలిసిన మిరప
పద్దు, ఉపపద్దు, మార్చి ముప్పై ఒకటి.
ఆ రాత్రి దాటితే ఖర్చవని డబ్బు
వచ్చిన దారినే వెళ్ళిపోతుంది,
కాఫీ కూడా ముట్టకుండా లేచిపోయే వియ్యంకుడిలా.

వివరణ వచ్చింది, రెండు పేజీలు.
డాక్టర్ నాగూర్‌బీ గారి చేతిరాత
వరుస తప్పిన నాటులా ఉంటుంది.
చదవలేదు.
"మరింత స్పష్టత అవసరం" అని తిప్పి పంపాను.
ఫైలు బల్ల మీంచి బల్లకి నడిచేలోపు
పురుగు చేను మీంచి చేనుకి ఎగిరింది.

జనవరిలో ఓ మధ్యాహ్నం
ప్రత్తిపాడు వైపు నుంచి కౌలురైతు, పేరు ఆదాం,
ఎరువు సంచిలో ఒక మొక్కని నిలబెట్టుకుని వచ్చాడు,
బస్సులో దానికీ టికెట్ కొట్టించాడేమో అన్నంత జాగ్రత్తగా.
డాక్టరమ్మ గది అనుకుని నా గదిలోకే వచ్చాడు.
"ఏడుసార్లు కొట్టానండీ.
మందుల కొట్టాయన ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా.
పూత నిలవట్లా. దీన్ని చూసి చెప్పండి."
చూశాను.
పద్దుల మనిషికి మొక్కేం చెబుతుంది?
ఆకులు ముడుచుకుని ఉన్నాయి,
బాకీ అడుగుతారని మొహం తిప్పుకున్నట్టు.

కంచె పక్క మడిలోకి తీసుకెళ్ళాను.
ఎండలో డాక్టరమ్మ, పక్కన లెక్క రాసే దీనమ్మ.
దీనమ్మ మూడు నెలల కూలి బిల్లు నా సొరుగులోనే ఉంది.
ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.
"కాగితం ఉందాండీ, తెల్లది?"
జేబులో ఉన్నది తీసిచ్చాను, ఆఫీసు నకలు.
తిప్పి చూసుకోలేదామె, రాసినవైపే పట్టి
ఒక పువ్వుని వంచి
వేలితో తట్టింది,
పసిపిల్ల వీపు తట్టినంత మెల్లగా.

నా వాక్యం మీద
నేను పెట్టని ఫుల్‌స్టాపులు రాలాయి.
ఒక్క క్షణం ఆగి
నడవడం మొదలెట్టాయి.

"పువ్వుకి ఇరవయ్యారు" అంది దీనమ్మ.
"ఇవి నీలానికే వస్తాయి" అంది డాక్టరమ్మ,
"పసుపుకి అంతగా రావు. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు.
అది తెలుసుకోడానికే అడిగాను."
గొంతులో కోపం లేదు.
ఉంటే బాగుండేది.

"అయితే ఏం కొట్టమంటారు?" ఆదాం.
"కొన్నాళ్ళు ఏదీ కొట్టకండి. కొట్టినకొద్దీ
వీటిని తినే పురుగులు చస్తున్నాయి, ఇవి మిగులుతున్నాయి."
"మరి తట్టుకునే విత్తనం?"
రెండు వరుసలు చూపించింది.
నాలుగొందల రకాల్లో నిలబడ్డవి పదకొండు.
"ఇంకో ఆరేళ్ళు. డబ్బు ఆగకపోతే."

ఆరేళ్ళు.
మా పద్దులో ఆరేళ్ళకి గడి లేదు.
ఏడాదికే ఉంది.
మొక్కకేమో ఏడాదికి ఒకటే కాన్పు,
బిడ్డ ఎవరి పోలికో
మళ్ళీ ఏడు పూతకి గానీ తెలీదు.

ఆదాం ఆకాశం వైపు చూడలేదు,
నా వైపు చూశాడు.
"ఆరేళ్ళు నేను ఆగలేనండీ.
మీరైనా ఆపకండి."

సాయంత్రం యార్డు వైపు నుంచి ఘాటు గాలి.
తుమ్ముకుంటూ రాశాను:
"వివరణ సంతృప్తికరం. మంజూరు చేయవచ్చును."
దీనమ్మ బిల్లు కూడా సొరుగులోంచి తీశాను.
నా బల్ల పైన ఇంకా రెండు బల్లలున్నాయి,
అక్కడెవరూ పువ్వుని తట్టి ఉండరు.
అందుకని ఆ కాగితాన్నీ కట్టాను ఫైలుకి,
టేపు కింద మూడు నల్లచుక్కలతో.
అనుబంధం: ఒకటి.

తొమ్మిదోరోజు తిరిగొచ్చింది.
"అనుబంధంపై మరకలు కలవు.
శుభ్రమైన ప్రతి పంపగలరు."

పంపలేదు.
తెల్లారి విజయవాడ బస్సెక్కాను, ఒళ్ళో ఫైలు,
కాళ్ళ మధ్య ఎరువు సంచిలో
పల్చటి గుడ్డ కప్పిన పూతమొక్క.
కండక్టరు సంచి వంక చూసి
"లగేజీయా?" అన్నాడు.
"అనుబంధం" అన్నాను.